పక్షిగూటి ధర్మము

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6–7, యిర్మీయా 8:7, లూకా 12:6

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చదువువారికి నడుమ ఒక వింత ఆజ్ఞ తగులును. పొరుగువాని ఎద్దు తప్పిపోయిన యెడల దానిని తోలి తెచ్చి ఇయ్యవలెనని ఆ అధ్యాయము మొదలగును. మిద్దెకు పిట్టగోడ కట్టించవలెనని కొంచెము దిగువను చెప్పబడినది. ఈ రెంటి నడుమ నిజమైన పిట్టను గూర్చిన మాట యున్నది. త్రోవను పోవుచుండగా చెట్టుమీదనైనను నేలమీదనైనను ఒక గూడు కనబడి, తల్లి తన గ్రుడ్లమీదనో పిల్లలమీదనో కూర్చుండియున్న యెడల, పిల్లలతో కూడ తల్లిని పట్టుకొనకూడదు. పిల్లలను తీసికొనవచ్చునుగాని తల్లిని పోనియ్యవలెను. ఇంతే ఆజ్ఞ. దీనిని గైకొనువానికి మేలు కలుగుననియు, వాడు దీర్ఘాయుష్మంతుడగుననియు వాగ్దానము చేయబడినది.

ఇదే వాగ్దానము అదే గ్రంథము 5:16లో తలిదండ్రులను సన్మానించువారికిని ఇయ్యబడినది. మంచము పట్టిన తండ్రికి ఏండ్ల తరబడి గంజి పోసి, పక్క మార్చి, విసుగు మ్రింగికొని సేవచేసిన కుమారునికి ఏ బహుమానమో, చెట్టెక్కి గూటియొద్ద ఒక్క క్షణము చేయి వెనుకకు తీసికొనినవానికిని అదే బహుమానమా? ఇంత చిన్న పనికి ఇంత పెద్ద వాగ్దానమేల? ఈ మాసము మన ఆలోచన దీనిమీద నిలుపుదము.

దీనిని ఇప్పుడు ఎత్తుకొనుటకు హేతువు కలదు. మన సీమలో చెట్లు ఇండ్లగు కాలమిది. హిందూపురము ప్రాంతమున, చిలమత్తూరు మండలములో, కర్ణాటక ఎల్లకు దగ్గరగా వీరాపురమను పల్లె యున్నది. 2022 ఏప్రిలు వరకు అది అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు మన నల్లచెరువువలెనే శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆ పల్లెలోని చెట్లమీద ఏటేట ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టును. అది అడవి కాదు. క్రింద మనుష్యుల కాపురము, పైన కొమ్మకొక పక్షి కాపురము. చలి వెనుకపట్టు దినములలో గూళ్లు కట్టుకొని, ఎండలలో పిల్లలను పెంచి, వానకాలము దిగిన తరువాత రెక్కలు వచ్చిన పిల్లలతో వెడలిపోవును. ఊరివారు వాటిపై రాయి వేయరు, పరులను వేయనియ్యరు. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలను చూచుకొనినట్లు చూచుకొందురు. అక్కడికి లేపాక్షి ఎంతో దూరము కాదు. మన హిందూ సహోదరులు ఆ ఊరి పేరునకు ఒక పక్షి కథనే చెప్పుకొందురు. పరస్త్రీని ఎత్తుకొనిపోవు రాజును అడ్డగించి రెక్కలు తెగి నేలకూలిన జటాయువు కథ. పక్షిని గౌరవించుట ఆ నేలకు క్రొత్త గాదు.

ఇచ్చట ఒక పొరపాటును దిద్దవలెను. అనేకులు, కొన్ని పత్రికలవారు సహితము, వీటిని సైబీరియా పక్షులందురు. అది నిజము కాదు. ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షియే. మన దేశములోను, శ్రీలంకలోను, తూర్పున మరికొన్ని దేశములలోను కాపురముండును. నీరును చేపలును వెదకికొనుచు ఒక చెరువునుండి మరియొక చెరువునకు తిరుగునేగాని మంచుదేశములకు పోయి వచ్చునది కాదు. అందమైనది ఏది కనబడినను అది పరదేశమునుండి వచ్చినదే అనుకొనుట మనకెందుకో అలవాటైనది.

దీని ఎత్తు మూడడుగులు. పసుపుపచ్చని పొడుగు ముక్కు, కొన కొంచెము క్రిందికి వంగియుండును. ముఖమున ఈకలుండవు, నారింజపండు వన్నె. తెల్లని ఒంటిమీద రొమ్మున నల్లని పట్టీ, వెనుకవైపున గులాబి వన్నె ఈకలు. ఎదిగిన పక్షికి గొంతు లేదన్నట్లే. గూటియొద్ద ముక్కు టకటక కొట్టుటయే దాని మాట. చెట్టుమీద వినబడు రొదయంతయు పిల్లలది. చెరువులో దిగినప్పుడు ఇది చేపను కంటితో చూచి పట్టదు, తాకి పట్టును. ముక్కు సగము తెరచి బురదనీటిలో ముంచి అటునిటు త్రిప్పుచు నడచును. చేప తగిలిన తక్షణమే ముక్కు మూసికొనును. కాబట్టి లోతులేని చెరువు అంచే దానికి సేద్యభూమి. ఆలుమగలు వంతులు వేసికొని సుమారు నెలదినములు గ్రుడ్లు పొదుగును. పిల్లలు ఎగురుటకు మరి రెండు నెలలు పట్టును. మన వైపు మార్చి, ఏప్రిలు ఎండ ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో తల్లియో తండ్రియో గూటి అంచున నిలిచి, రెక్కలు గొడుగువలె చాచి, పిల్లలకు నీడ పట్టును. ఆ నీడ దానికి దక్కదు.

మన బైబిలులో సంకుబుడి కొంగ అని వ్రాయబడిన పక్షి దీనికి జ్ఞాతియే. దాని హెబ్రీ పేరు హసీదా. మనము కృప అని చదువుకొను హెసెద్ అను మాటకు అది చుట్టము. అనగా దానిని కృపగల పక్షియని పిలిచిరి. అయితే లేవీయకాండము 11:19లో తినకూడని పక్షుల జాబితాలో దాని పేరున్నది. తన తోటి పక్షులయెడల కృప చూపును గనుక దానికి ఆ పేరు వచ్చినదని యూదుల పెద్దలు చెప్పిరి. ఆ పెద్దల తరువాతి గురువులలో మరియొక మాట వాడుకలోనికి వచ్చినది. అంత కృపగల పక్షి ఎందుకు అపవిత్రమాయెను? తనవారికి మాత్రమే కృప చూపును గనుక! పక్షిని గూర్చి ఈ మాట న్యాయమో కాదో గాని, కులము చూచి నీళ్లు పోయు మన పల్లెలలో ఇది ఎవరిని గూర్చి చెప్పబడినదో వెదకనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వత్తము. ఈ కొంగలు దిగిన ఊరిలో కాపురము సులువు కాదు. చేపల కంపు, తెల్లని రెట్ట, రాత్రింబగళ్లు రొద. అంతకంటె బరువైనది మరియొకటి. అవి ఎక్కువగా కోరుకొనునది చింతచెట్టు. చింతపండు దులుపు కాలమును, కొంగ పిల్లలను పెంచు కాలమును ఒక్కటే. చెట్టెక్కి కొమ్మ కదపినయెడల గూళ్లు పడును. గూళ్లు ఉండనిచ్చిన యెడల పండు చెట్టుమీదనే ఎండిపోవును. వాన తప్పిన యేట చెనిక్కాయ పంట చేతికి రాని కుటుంబమునకు, రెండు చింతచెట్ల గుత్త డబ్బు చిన్నది కాదు.

మరి ఎందుకు కాపాడుదురు? కొంగలు వచ్చినచో వానలు పడుననియు ఊరికి శుభమనియు పెద్దలనాటి నమ్మిక. దీనిని మన విశ్వాసులలో కొందరు మూఢనమ్మకమని త్రోసివేయుదురు. త్రోసివేసి ఊరకుండిన బాగుండును. మనకు ఆ నమ్మిక లేదు గనుక ఆ కట్టుబాటును మనకు లేదని తలంచువారును కలరు. శకునములనుండి విడిపించబడితిమని చెప్పుకొనుచు వడిసెల చేతబట్టు పడుచువాండ్రను మేము ఎరుగుదుము. అబద్ధపు హేతువును విడిచినవాడు దానితో కూడ మంచి పనిని విడుచుట ఏ స్వాతంత్ర్యము?

ఆ నమ్మికనైనను కొంచెము పరిశీలింపుడు. అది పూర్తిగా వట్టిది కాదు, తలక్రిందులుగా నున్నది. మన సీమలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అందులో ఎక్కువ భాగము జూను మొదలు అక్టోబరు లోపలనే. ఆ వానకు చెరువులు నిండి, చేప పెరిగి, చలికాలము తరువాత అంచులలో లోతు తగ్గి చేప దొరకునట్లుండిన యెడలనే కొంగ పిల్లలను పెంచగలదు. చెరువు నిండని యేట గూళ్లు తగ్గును. కాబట్టి కొంగ వానను తెచ్చుట లేదు, పడిన వానకు సాక్షియై వచ్చుచున్నది. తాతలు చూచినది నిజమే. ఏది ముందు ఏది వెనుక అన్నచోటనే చిక్కు పడినది.

అయితే శకునముమీద నిలుచు దయకు పెద్ద లోపమొకటి గలదు. శుభమని తోచిన పక్షికే అది దక్కును. తీతువు పిట్టను చూడుడు. అది రాత్రివేళ ఇంటిమీదుగా కూసిపోయినయెడల చావు వార్త వచ్చునని మన పల్లెలలో భయపడుదురు. నిజమునకు అది రేయింబవళ్లు మెలకువగా నుండి, నక్కయో కుక్కయో మనుష్యుడో కనబడినచో అరచు కాపలాపిట్ట. అది గూడు కట్టదు. ఎండిన చెరువు గర్భములోనో దున్నిన చేనిలోనో చిన్న పల్లము చేసి, నాలుగు మంటి వన్నె గ్రుడ్లు పెట్టును. ప్రక్కనే నడచిపోయినను కనబడవు. ఎండ ముదిరినప్పుడు తల్లి నీటియొద్దకు పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి ఆ తడితో గ్రుడ్లను చల్లబరచును. కొంగ నీడ పట్టుటకును, తీతువు తడి మోసికొని వచ్చుటకును ఏమి భేదము? అయినను ఒకదానికి మర్యాద, మరియొకదానికి రాయి. ధర్మశాస్త్రమైతే చెట్టుమీద గూటిని మాత్రమే కాదు, నేలమీద గూటినికూడ చెప్పినది. ఈ ఆజ్ఞ తినదగిన పక్షులకే చెల్లునని యూదుల పెద్దలు అర్థము చెప్పిరి. పట్టుకొనుట తినుటకే గనుక ఆ అర్థము సహజమే. కాని శుభపక్షి అశుభపక్షి అను భేదము ఆ ఆజ్ఞలో ఎక్కడను లేదు. దున్నుచు దున్నుచు తీతువు అరపు విని, గ్రుడ్లున్న చోట రెండు మూరలు విడిచి మడకను ప్రక్కకు త్రిప్పు రైతులు మన పల్లెలలో కలరు. వారు ఈ అధ్యాయము చదివియుండకపోవచ్చును.

మేలు కొరకు దయ చూపువాడు, మేలు రానినాడు ఏమి చేయును? ఇది వీరాపురపు పెద్దలకు మాత్రమే వేయవలసిన ప్రశ్న కాదు. కొంగ వలన వాన అని వారందురు. ఆజ్ఞ వలన దీర్ఘాయుష్షు అని మనమందుము. మూడేండ్లు వరుసగా వాన రాకపోయినయెడల? ఆజ్ఞ గైకొనినవాడే ముందుగా చనిపోయినయెడల?

ఈ ప్రశ్న పాతది. యూదుల తల్మూదు గ్రంథములో ఒక సంగతి వ్రాయబడియున్నది. ఒక తండ్రి తన కుమారునితో, మేడయెక్కి పక్షిపిల్లలను తెమ్మనెను. కుమారుడు తండ్రి మాట విని ఎక్కెను. ఆజ్ఞ తలచుకొని తల్లిని పోనిచ్చి పిల్లలను తీసికొనెను. దిగి వచ్చుచు క్రిందపడి చనిపోయెను. చూడుడు, దీర్ఘాయుష్షు వాగ్దానము చేయబడిన రెండు ఆజ్ఞలను ఒకే గడియలో నెరవేర్చినవాడు ఆ గడియలోనే మరణించెను. ఎలీషా బెన్ అబూయా అను గొప్ప పండితుడు ఇట్టిది కన్నులార చూచి విశ్వాసమునుండి తొలగిపోయెనని ఆ గ్రంథములో ఒక మాట యున్నది. రబ్బీ యాకోబను మరియొక గురువు, ఆ దీర్ఘాయుష్షు ఈ లోకములోనిది కాదు, రాబోవు లోకములోనిదని సమాధానము చెప్పెను.

రబ్బీ యాకోబు మాటను మేము కొట్టివేయము. మన నిరీక్షణయు అదియే. అయినను, దానిని చెప్పి చేతులు దులుపుకొనుట మాకు ఇష్టము లేదు. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటి గడపలో కూర్చున్నవారికి తెలియును, ఆ జవాబు ఎంత నిజమైనను ఎంత ఆలస్యముగా లోపలికి దిగునో. మరియు రాబోవు లోకపు కూలిగా దయ చూపుటయు కూలికి దయ చూపుటయే గదా! వాగ్దానమును ప్రక్కన ఉంచి, ఆజ్ఞను మాత్రమే చూచిన యెడల, దానిలో నిలువదగిన న్యాయమేదైన ఉన్నదా?

కొందరు దీనిని రైతు జాగ్రత్తగా చెప్పిరి. తల్లి బ్రదికియున్న యెడల మరల గ్రుడ్లు పెట్టును. రెంటిని తినువాడు విత్తనపు చెనిక్కాయను వేయించుకొని తినువానివంటివాడు. ఇది మంచి మాటయే. కాని విత్తనము దాచుటకు ఆజ్ఞ ఎందుకు? ఆకలియే నేర్పును. పండ్రెండవ శతాబ్దములోని యూద తత్త్వవేత్త మైమోనిడీసు వేరొక హేతువు చెప్పెను. బిడ్డను గూర్చిన తల్లి బాధ బుద్ధివలన పుట్టునది కాదు గనుక మనుష్యులకును మృగపక్షులకును అందులో భేదము లేదనెను. ఆవునైనను గొర్రెనైనను దాని పిల్లతో కూడ ఒక్క దినమున వధింపకూడదను లేవీయకాండము 22:28ని కూడ అట్లే వివరించెను. గొర్రెలు మేపు మన సోదరులకు దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. పిల్లను అమ్మిన రాత్రి మందలో ఆ తల్లి ఎట్లు అరచునో వారు విన్నారు.

మాకు ఈ ఆజ్ఞలో మరియొకటి కనబడుచున్నది. పక్షిని పట్టుట తేలిక పనియా? ఉరి కావలెను, వల కావలెను, నేర్పు కావలెను. చేతులతో పట్టబోయిన యెడల ఏ పక్షియు చిక్కదు, దానికి రెక్కలున్నవి. అది చేతికి చిక్కు సమయము ఒక్కటే, పిల్లలమీద కూర్చున్న సమయము. అప్పుడును దానికి రెక్కలున్నవి, ఎగురుటకు శక్తి యున్నది, మనుష్యుడు వచ్చుచున్నాడని ఎరుగును. అయినను కదలదు, లేక చేయి చాచునంత దూరముననే తిరుగుచుండును. దానిని పట్టించునది దాని ప్రేమయే. ఇతర వేళలందు వేటకాడు తన నేర్పుచేత పట్టును. ఈ వేళ తల్లి ప్రేమచేత పట్టును. తల్లి ప్రేమను ఉరిగా ఉపయోగించుకొనకుమని ఆజ్ఞ చెప్పుచున్నట్లు మాకు తోచుచున్నది. ఇట్లు చూచిన యెడల, తలిదండ్రులను సన్మానించు ఆజ్ఞకును దీనికిని ఒకే వాగ్దానము ఉండుట వింతగా తోచదు. రెండును తల్లిని గూర్చినవే. ఒకటి మన తల్లిని గూర్చినది, రెండవది మనకు ఏమియు కాని తల్లిని గూర్చినది.

ఇంతవరకు వచ్చిన తరువాత, ఇది పక్షులతో ఆగునది కాదు. ఆసుపత్రి వాకిట బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి నూటికి పది వడ్డీకి డబ్బిచ్చువాడు ఏమి చేయుచున్నాడు? వేరొక దినమైతే ఆమె ఆ వడ్డీకి ఒప్పుకొనదు, లేచి పోవును. ఇప్పుడు లేచిపోలేదని వానికి తెలియును. కదిరి, రాయచోటి వైపులనుండి ఎందరో స్త్రీలు ఇండ్లపనికి కువైటునకు పోవుచున్నారు. పిల్లలు అవ్వయొద్ద పెరుగుచున్నారు. గూటికొరకు గూటిని విడిచి ఎగిరిన తల్లులు వీరు. బిడ్డ చదువు తలచుకొని ఏ కాగితముమీదనైనను వ్రేలిముద్ర వేయుదురని ఎరిగియే కొందరు దళారులు ఎదురుచూచుచుందురు. బెంగుళూరు కట్టడపు పనులలో, ఇంటియొద్ద ముసలివారు పిల్లలు ఉన్నారు గనుక ఎదిరించి పోలేదని లెక్కవేసి, కూలి తగ్గించు మేస్త్రీలు లేకపోలేదు. వీరెవరును చట్టమునుబట్టి దొంగలు కారు. ఎవరి యింటను కన్నము వేయలేదు. తల్లి గూటిమీద కూర్చున్న సమయము కనిపెట్టి చేయి చాచిరి, అంతే.

ఆకలితో మనుష్యులుండగా పక్షులను గూర్చిన బోధ ఏలయని అడుగువారికి మా జవాబు ఇదియే. దేవుడు ఎడ్లను గూర్చి చింతించుచున్నాడా అని పౌలు కూడ 1 కొరింథీయులకు 9:9లో అడిగెను. నూర్చు ఎద్దు మూతికి చిక్కము పెట్టకూడదను ఆజ్ఞను మనుష్యుల కూలికి అన్వయించెను. కాని ఎద్దు మూతి చిక్కము తీసివేయుట చేతగానివాడు కూలివాని విషయములో ఒక్కసారిగా ఉదారుడగుట మేము చూడలేదు. యూదుల పెద్దలు ఈ పక్షిగూటి ఆజ్ఞను ఆజ్ఞలన్నిటిలో తేలికైనదిగా ఎంచి, ఒక ఇస్సారు ఖర్చు మాత్రము గలదనిరి. ఆ ఇస్సారు ఎంతటిది? మత్తయి 10:29లో రెండు పిచ్చుకల వెలగా మన తర్జుమాదారులు కాసు అని వ్రాసిన రోమా నాణెమే అది. లూకా 12:6లో అయిదు పిచ్చుకల వెల రెండు కాసులు. రెండు కాసులకు నాలుగే రావలెను గదా, అయిదవది కొసరు. వెల లేని ఆ కొసరు పిచ్చుకయు మరువబడలేదని ప్రభువు చెప్పెను.

కాని తేలిక ఖర్చు అని వ్రాయుట సులువు. చిలమత్తూరు వైపు ఒక చిన్న సంఘములో మేము ఈ వాక్యము బోధించిన దినమున, కూటమి విడిచిన తరువాత ఒక విధవరాలు మమ్మును ఆపెను. ఆమెకు రెండే చింతచెట్లు.

“అయ్యగారూ, పక్షుల మీద దయ సూపమని శానా బాగ చెప్పినారు. నా చెట్టు మీద అవి దిగితే ఈ యేడు గుత్త పోయినట్టే గదా. మా పాప ఫీజు ఎవురు కడతారు?”

ఆమె వాదమాడుటకు అడుగలేదు. ఊరంతయు చూచి మురిసికొను పక్షికి వెల ఇచ్చునది చెట్టు గల ఒక్క కుటుంబము. బస్సులు దిగి ఫోటోలు తీసికొని పోవువారు ఆమె నష్టమును ఎరుగరు. దయకు పేరు అందరిది, ఖర్చు పేదదానిది అయినప్పుడు, ఆమె ప్రేమను మనము ఉరిగా వాడుకొనుట కాదా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటను, గూళ్లను కదలించుటను వేటగానే ఎంచును. చట్టము చెట్టును ముట్టవద్దనునేగాని గుత్త ఎవరు ఇయ్యవలెనో చెప్పదు.

ఇది తీరని చిక్కు కాదు. చెంగల్పట్టు జిల్లాలోని వేదంతాంగల్ చెరువు పక్షులను సిపాయిలు కాల్చుచుండగా ఊరి రైతులు కలెక్టరునొద్దకు పోయి మొరపెట్టుకొనిరి. లయొనెల్ ప్లేస్ అను ఆ కలెక్టరు 1798 ప్రాంతమున పక్షులను ఎవరును కాల్చకుండ వారికి కౌలు వ్రాసి ఇచ్చెను. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు వారి పొలములకు ఎరువు. వారి దయలో లాభము కూడ కలిసియున్నది, అందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. కర్ణాటకలో మండ్య జిల్లాలో కొక్కరెబెల్లూరను గ్రామమున్నది. కన్నడములో కొక్కరె అనగా కొంగ. అక్కడను ఈ ఎర్రకాళ్ల కొంగలు, గూడకొంగలు ఊరిలోని చెట్లమీదనే పిల్లలను పెట్టును. పండు కోయక విడిచిన చెట్ల యజమానులకు అటవీశాఖవారు నష్టపరిహారమిచ్చు పద్ధతి పెట్టిరి. 2007లో ఆ గ్రామము సముదాయ సంరక్షణ ప్రదేశముగా ప్రకటింపబడినది. అనగా గూటి ఖర్చును ఒక్క యింటిమీద వేయక పదిమందిమీద పరచిరి.

ప్రభుత్వము చేయువరకు మనము కాచుకొని యుండనక్కరలేదు. మన స్త్రీల సమాజమువారు పూటపూట వంటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా తీసి, ఆదివారమున గుడికి తెచ్చుచున్నారు. ఆ బియ్యము అమ్మిన డబ్బులో కొంత, కొంగలకు విడిచిన చింతచెట్టుకు గుత్తలో సగముగా ఆ చెట్టు గలవారికి ఇయ్యవచ్చునని మా ఆలోచన. ఆ విధవరాలి రెండు చెట్లకు గుత్త ఎంతయో చింతపండు వ్యాపారిని అడిగి తెలిసికొంటిమి. మొత్తము పెద్దదే గాని మోయలేనిది కాదు. చెట్టు గలవారు క్రైస్తవులైనను కాకపోయినను ఇయ్యవలెనా అని ఇప్పటికే ఒకరు అడిగిరి. హసీదాను గూర్చి పైన వ్రాసినది వారు మరల చదువుకొందురు గాక. వచ్చు నెల పెద్దల కూటమిలో ఈ లెక్క ముందుంచెదము. స్త్రీల సమాజమువారు బియ్యపు చిట్టాను, చెట్లు గలవారు తమ చెట్ల లెక్కను తప్పక తీసికొని రావలెను.